జవాబు కార్డులో తిరుపతమ్మ నడక

1974 ఎండాకాలం. బెజవాడలో ఒక మిషన్ ఆసుపత్రి. పేరు చెప్పను, ఎందుకు చెప్పనో చదివాక మీకే తెలుస్తుంది. ఎముకల వార్డుకి నేను సిస్టర్‌ని. సిస్టరంటే మఠంలో ఉండే కన్యాస్త్రీ అనుకునేరు, కాదు. వార్డులో నర్సులందరి మీదా పెత్తనం చేసే పెద్ద నర్సు అన్నమాట. పెత్తనం పేరుకే. వార్డుకి నర్సులం ముగ్గురం, అందులో ఒకరు ఎప్పుడూ సెలవు. డ్యూటీ దిగేసరికి నా కాళ్ళు నావి కావు. ఆదివారం చర్చిలో ప్రసంగం మొదలవగానే కునుకు పట్టేది. "నువ్వు కళ్ళు మూసుకుంటే ప్రార్థన చేస్తున్నావనే అనుకుంటాంలే అమ్మా, గురక మాత్రం పెట్టకు" అనేవారు మా పాస్టరు గారు.

అప్పట్లో మా వార్డులో గొప్పగా చెప్పుకునే ఆపరేషను తుంటిది. తొడ ఎముక పైకొసన బంతిలాంటి గుండు ఉంటుంది. వయసు మళ్ళినవాళ్ళు జారిపడితే ఆ గుండు కిందనున్న ఎముక మెడ దగ్గర విరుగుతుంది. విరిగాక ఆలస్యమైతే అతుక్కోదు. అందుకని దాన్ని తీసేసి, ఆ చోట స్టీలు గుండు బిగించేవారు. దాన్ని ప్రొస్థసిస్ అంటారు. మా ఆయాలకి నోరు తిరక్క 'స్టీలు గుండు' అనేవాళ్ళు, తర్వాత్తర్వాత మేమూ అదే అన్నాం. కీలు మొత్తం మార్చడం ఇంకా మా దాకా రాలేదు. సగం కీలుకే జిల్లా అంతా చెప్పుకునేది.

మా పెద్ద డాక్టరు గారిది మంచి చెయ్యి. కానీ ఆయనకొక పట్టుదల ఉండేది. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు మంచానికి అంటిపెట్టే పాత పద్ధతి తప్పు, వారం తిరక్కుండా లేపి నిలబెడితే నెమ్ము చేరదు, వీపు పుళ్ళు పడవు, నడక తొందరగా వస్తుంది అని. నిజమే కావచ్చు. అయితే నిజమని చూపించాలిగా. దానికోసం ఇంటికి వెళ్ళిన ప్రతి రోగినీ ఏడాది పాటు వెంటాడి, ఎలా ఉన్నారో రాసి పెట్టుకోవాలి. దీన్ని ఫాలో-అప్ అంటారు. ఆ రాసేపని నా నెత్తిన పడింది.

"మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది సిస్టర్" అన్నారాయన.

ముత్యాలు కాదు నా మొహం. గోరుచుట్టు మీద రోకటిపోటు. అయినా సరేనన్నాను. ఎందుకంటే రోగుల్ని చంకల కింద పట్టుకుని మొదటిసారి నిలబెట్టేది నేనే. వాళ్ళు నడిస్తే అందులో నా పాలు కూడా ఉందని నాలోపల ఒక మురిపెం.

ఫారం ఏదో విదేశీ పత్రికలోంచి డాక్టరు గారు ఎత్తి రాసింది, ఇంగ్లీషులో ఉండేది. మెట్లు ఎక్కగలరా, కుర్చీలో గంటసేపు కూర్చోగలరా, బూట్లూ మేజోళ్ళూ తొడుక్కోగలరా. మేజోళ్ళట! మా రోగుల్లో మేజోళ్ళు ఎరిగినవాడు నాకు తెలిసి ఒక్క రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. చల్లపల్లి నుంచి వచ్చిన ఒక రైతుని ఆ ప్రశ్న అడిగితే, "ఎందుకండీ, ఇప్పుడు నాకు పెళ్ళేం కాదుగా" అన్నాడు. ఆయన ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

అందరూ బెజవాడ దాకా రాలేరు కాబట్టి జవాబు కార్డులు పంపేవాళ్ళం. రెండు పోస్టుకార్డులు కలిసి ఉండేవి. ఒకదాని మీద మా ప్రశ్న, రెండోదాని మీద వాళ్ళ జవాబు. ప్రశ్న నేనే తెలుగులో రాశాను: 'ఆపరేషన్ అయిన కాలు ఇప్పుడు ఎలా ఉంది?' అంతే. జవాబు చూసి ఫారంలో నడుస్తున్నారు, నడవడం లేదు అనే రెండు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. నడవని వాళ్ళకి వెంటనే రమ్మని ఉత్తరం. నడిచేవాళ్ళకి ఒక అచ్చు కార్డు: 'మీరు నడుస్తున్నందుకు సంతోషం. ఏడాది నిండేవరకు ఆసుపత్రికి రానవసరం లేదు.'

తిరుపతమ్మది కైకలూరు అవతల కొల్లేట్లో ఒక లంక. యాభై దాటిన మనిషి, భర్త లేడు. కొడుకూ కోడలూ, మరిదీ ఉన్నారు. మగవాళ్ళు సరస్సులో వేటకి పోతే ఈవిడ చేపలు కోసి, ఉప్పు పట్టించి ఎండబెడుతుంది. కోడలు బుట్ట ఎత్తుకుని కైకలూరు సంతకి పోతుంది. గట్టు మీద జారిపడి తుంటి విరిగితే ఊళ్ళో ఎవరో కట్టు కట్టారు. అది కుదరక మా దగ్గరికి తెచ్చారు. స్టీలు గుండు వేశాం. ఆరో రోజున నేనే నిలబెట్టాను.

"అమ్మగారండీ, మీరు వదిలితే పడతానండి!"

"వదలను. కాలు వెయ్యి."

"వేస్తున్నానండి. నా కాలేనా ఇది?"

వార్డంతా నవ్వింది. వెళ్ళేరోజుకి చంకకర్రల మీద ఆ చివర్నుంచి ఈ చివరకి నడిచింది. అందరికీ చెప్పినట్టే ఆవిడకీ చెప్పాను: ఎత్తయిన కుర్చీలోనే కూర్చోవాలి, నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, కూర్చుంటే గుండు గూట్లోంచి జారిపోతుంది. "అట్టాగేనండి" అంది. అన్నిటికీ "అట్టాగేనండి" అనే మనిషిని నమ్మకూడదని అప్పటికే నాకు తెలిసి ఉండాలి. అవతల ఇద్దరు రోగులు గంట కొడుతున్నారు, సరేలే అనుకుని వెళ్ళిపోయాను.

మూడు నెలలకి జవాబు కార్డు పంపితే వెంటనే వచ్చింది. మరిది రాశాడు. గుండ్రటి అక్షరాలు.

'ఆసుపత్రి వారికి నమస్కారములు. మా వదిన తిరుపతమ్మ సంగతి అడిగినారు. మీ దయవల్ల ఏదో నడుస్తోంది.'

నడుస్తోంది! టిక్కు పెట్టాను. అచ్చు కార్డు పంపాను. ఆ నెల లెక్కలో డాక్టరు గారికి చూపిస్తే ఆయన మొహం విచ్చుకుంది.

మరో ఐదు నెలలు గడిచాయి. మగవాళ్ళ వార్డులో కాలు విరిగిన తమ్ముణ్ణి చూడ్డానికి ఒకామె వచ్చింది. మాటల్లో ఆ లంక మనిషేనని తెలిసింది. నేను సంబరంగా, "మీ ఊళ్ళో తిరుపతమ్మ బాగా నడుస్తోందటగా!" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "స్టీలు కాలు తిరుపతమ్మా? నడవడమేంటండీ, దేకుతుంటేను!"

దేకడమంటే మీకు తెలుసుగా. కింద కూలబడి, చేతులూని, పిరుదుల మీద జరగడం.

బీరువా తీసి కార్డు వెతికాను. అదే గుండ్రటి రాత. ఈసారి నిదానంగా చదివాను. అప్పుడు అర్థమైంది, ప్రభువా! దారిలో ఎవరైనా "ఎలా ఉన్నారు" అంటే మనం ఏమంటాం? "ఏదో నడుస్తోందండి" అంటాం. కొంప మునిగినా అదే మాట. రోజులు ఈడ్చుకొస్తున్నాం అని దానర్థం. అదే మగవాడి గురించైతే కాలితో నడిచేమాట 'నడుస్తున్నాడు' అని వచ్చేది, నాకు తేడా తెలిసిపోయేది. ఆడమనిషికి మన భాషలో రెండింటికీ ఒకటే మాటాయె. అయినా భాషని అనడం దేనికి? 'ఏదో' అని ముందు స్పష్టంగా ఉంది. అది నా కళ్ళకి ఆనలేదు. నేను ఆ కార్డు చదవలేదు, అందులో నాకు కావలసిన మాట ఏరుకున్నాను.

డాక్టరు గారికి చెప్పాను. "వెళ్ళి చూసి రండి. అవసరమైతే కైకలూరు దాకా వ్యాను పంపిస్తాను" అన్నారు. నా సెలవురోజున బయల్దేరాను. కంకిపాడు, గుడివాడ, కైకలూరు బస్సుల్లో నిలబడే వెళ్ళాను. అక్కణ్ణించి కాలినడక, తర్వాత తాటిదోనె. దోనె దిగాక మోకాలి లోతు నీళ్ళలో చీర ఎత్తి పట్టుకుని నడుస్తుంటే, నాకు ఏడుపొచ్చింది. అలసటకి వచ్చిందో సిగ్గుకి వచ్చిందో నాకే తెలియదు.

తిరుపతమ్మ గుడిసె ముందు నేల మీద ఉంది. ఆ కాలు లోపలికి తిరిగిపోయి, రెండోదానికంటే కురచగా ఉంది. చూడగానే తెలిసిపోతుంది. గుండు గూట్లోంచి బయటికొచ్చేసింది. డిస్‌లొకేషన్ అంటారు.

"అమ్మగారొచ్చారా! కుర్చీ లేదండి, అరుగు మీద కూర్చోండి" అంది, అదే నవ్వుతో.

కుర్చీ లేదు. ఆ ఇంట్లోనే కాదు, ఆ వరసలోనే ఎక్కడా లేదు. ఎత్తు కుర్చీలో కూర్చోమని చెప్పి పంపింది నేను.

"ఎన్నాళ్ళయింది తిరుపతమ్మా ఇలా?"

"ఇంటికొచ్చిన నెలకేనండి. కోడలు పురిటికి పుట్టింటికి పోయింది. ఆ రోజు చేప బాగా పడింది. కొయ్యకపోతే మురిగిపోద్ది కదండీ. కత్తిపీట ముందు కూర్చున్నా. లోపల టక్కుమంది."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో నాకే తెలియని కోపం ఆవిడ మీద చూపించాను. "గొంతుక్కూర్చోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"చెప్పారండి. మరి చేప ఎట్టా కొయ్యాలో చెప్పలేదు."

వెటకారం కాదు. మామూలుగానే అంది. "పోనీ, వెంటనే ఆసుపత్రికి రావొచ్చుగా?" అన్నాను.

"మీరే రావద్దన్నారు కదండీ" అంటూ మరిది చూర్లోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. మా అచ్చు కార్డే. పొగపట్టి పచ్చగా అయింది. "మేం బయల్దేరదామనే అనుకున్నామండి. ఇంతలో ఇదొచ్చింది. ఏడాది దాకా అక్కర్లేదని ఆసుపత్రోళ్ళే రాశాక, ఇంక ఇంతే కాబోలు అనుకున్నాం."

"పొరపాటు జరిగిందమ్మా" అన్నాను. ఎవరి పొరపాటో చెప్పలేదు.

రెండ్రోజుల తర్వాత నులకమంచం మీద దోనె దాకా మోసుకొచ్చారు. కైకలూరు నుంచి మా వ్యానులో తెచ్చాం. ఎక్స్‌రే చూసి డాక్టరు గారు పెదవి విరిచారు. అన్ని నెలలు బయట ఉండిపోయిన గుండుని తిరిగి లోపలికి నెట్టడం కుదరదు. రెండు దారులున్నాయి. ఒకటి, కోసి సరిచేసి మళ్ళీ గుండు బిగించడం. కుదిరితే కాలు పొడుగు సరిగ్గా వస్తుంది, తిన్నగా నడుస్తుంది. కానీ నేల మీద కూర్చోవడం ఈ జన్మకి వద్దు. రెండోది, ఉన్న గుండు కూడా తీసేసి, కొన్ని వారాలు కాలికి బరువులు కట్టి ఉంచడం. అప్పుడు కాలు కురచవుతుంది, చేతికర్ర లేనిదే నడవలేదు, కుంటుతుంది. కానీ నొప్పి పోతుంది, తుంటి వంగుతుంది, గొంతుక్కూర్చోవచ్చు.

డాక్టరు గారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఇదంతా తెలుగులో విడమరిచి చెప్పారు. ఆయన అలా రోగి పక్కన కూర్చుని అడగడం నేను చూడటం అదే మొదలు.

"నాకు కూర్చోడం కావాలండి" అంది తిరుపతమ్మ. ఆలోచించను కూడా లేదు.

"నడక కుంటుతుందమ్మా. మళ్ళీ తర్వాత అనుకునేవు."

"బుట్ట మోసేది మా కోడలండి. సంతకి నడిచేది అదే. నేను కొయ్యాలి. కత్తిపీట ముందు కూర్చోలేకపోతే ఆ ఇంట్లో నేను తినే కూడుకి పేరేంటండీ?"

వరండాలోకి వచ్చాక డాక్టరు గారు అడిగారు, "ఏ పని కోసం కాలు కావాలి అనే ప్రశ్న మన ఫారంలో ఉందా సిస్టర్?"

"లేదండి. మేజోళ్ళ ప్రశ్న ఉంది" అన్నాను. అనకూడని మాటే.

గుండు తీసేశారు. ఆవిడ కాలికి బరువులు వేలాడుతున్న ఆ వారాల్లో నేను పాత కార్డులన్నీ మళ్ళీ తీశాను. 'పర్వాలేదు', 'మీ చలవ', 'దేవుడి దయ', 'ఉన్నాం'. వీటన్నిటినీ నేను బాగున్నట్టు లెక్కేసి కూర్చున్నాను. మర్యాదకి చెప్పే మాటని ఒంటి సంగతి అనుకున్నాను. ఒక్కొక్కరికీ మళ్ళీ రాశాను. ఈసారి ఎలా ఉంది అని అడగలేదు. పొద్దున లేచాక బావి దాకా ఎలా వెళ్తున్నారు, అన్నం ఎక్కడ కూర్చుని తింటున్నారు, దొడ్డికి ఎవరైనా పట్టుకెళ్ళాలా, ఆపరేషన్‌కి ముందు చేసే పనిలో ఇప్పుడు చెయ్యలేనిదేంటి, ఇలా అడిగాను. కొత్త జవాబులు చదువుతుంటే పాత లెక్క నా చేతుల్లోనే కూలిపోయింది. ఆ ఏడు డాక్టర్ల సభలో చదవాలని డాక్టరు గారు కాగితం సిద్ధం చేసుకున్నారు. ఆయన దాన్ని సొరుగులో పెట్టేసి, సభకి వెళ్ళలేదు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికెళ్ళిన కొన్ని నెలలకి తిరుపతమ్మ చెప్పిన రోజుకి చూపించుకోవడానికి వచ్చింది. చేతికర్ర, ఒకవైపు మందం అట్ట వేసిన చెప్పు, ఒరిగి ఒరిగి నడక. వరండాలో బెంచీ ఖాళీగానే ఉంది. ఆవిడ మాత్రం దాని పక్కన నేల మీద హాయిగా గొంతుక్కూర్చుంది. నేను బెంచీ మీద కూర్చుని ఫారం తీశాను. ఫలితం అనే గడి దగ్గర ఆగాను. గుండు తీసేస్తే అది ఫెయిల్ కిందే లెక్క. పద్ధతి అది. అలాగే రాశాను.

"ఏం రాశారండీ నా గురించి?" అంది.

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు నాకు. "ఫెయిలని రాశానమ్మా. పరీక్ష తప్పడం అంటారే, అది."

"ఎవరండీ తప్పింది? నేనా?"

ఇన్ని నెలలూ నాలిక చివర పెట్టుకు తిరిగిన మాట అప్పుడు బయటికొచ్చింది. "కాదు తిరుపతమ్మా, నేను. మీ మరిది రాసింది నేను సరిగ్గా చదవలేదు. నువ్వు నడుస్తున్నావని నేనే టిక్కు పెట్టాను. ఆ అచ్చు కార్డు పంపించింది కూడా నేనే. నేను సరిగ్గా చదివుంటే నిన్ను అప్పుడే పిలిపించేవాళ్ళం. కాలు దక్కేదేమో."

తిట్టిపోస్తుందని అనుకున్నాను. ఆవిడ కాసేపు తన చెప్పుకేసి చూసుకుంది.

"అదా సంగతి" అంది. "మా మరిది ఆ కార్డు చదివినప్పుడు నేను అన్నానండి, ఇదేంట్రా, నేను నడుస్తున్నానని రాశారేంటి అని. మళ్ళీ అనుకున్నా, చదువుకున్నోళ్ళు, కాలు కోసి చూసినోళ్ళు, వాళ్ళకి తెలియకుండా రాస్తారా అని. అందుకని రోజూ తెల్లారగట్ల గుంజ పట్టుకుని లేచేదాన్నండి. నిలబడితే ప్రాణం పోయేది. అయినా లేచేదాన్ని. నేను నడుస్తున్నానని ఆసుపత్రోళ్ళు రాశారు కదా, మరి నాకెందుకు రావట్లేదు, నాలోనే ఏదో బద్ధకం ఉందేమోనని."

ఐదు నెలలు. ప్రతిరోజూ.

ఆవిడే లేచి, నా భుజం ఆసరాగా పట్టుకుని, "పోనీలెండి అమ్మగారండీ, బస్సు టైమైంది" అని వెళ్ళిపోయింది. క్షమించిందో, ఊరికే అందో నాకు తెలియదు. అడగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. కొత్తగా వచ్చిన నర్సులు రికార్డు రాయడం చాకిరీ అని విసుక్కుంటే, చాకిరీయేనమ్మా అనేదాన్ని. నాకూ విసుగే, రిటైరయ్యే రోజు దాకా విసుగే. కానీ ఒక్క సంగతి మాత్రం వాళ్ళ చేత ఒప్పించేదాన్ని. మనం రాసిన మాటని రోగి తన ఒంటి నొప్పి కంటే ఎక్కువ నమ్ముతుంది. మనం తప్పు రాస్తే తప్పు తనదే అనుకుని, విరిగిన కాలి మీద లేచి నిలబడుతుంది.